చిన్నోడి మీద రాసిన మాట

లిఫ్టులు బాగుచేసే మనిషి మెట్లెక్కి పోతుంటే చూసినవాళ్ళకు నవ్వు రాకుండా ఉంటుందా? "నువ్వు బాగుచేసినదాంట్లో నువ్వే ఎక్కవు, మమ్మల్నేమో ఎక్కమంటావు" అని భవనాల కాపలావాళ్ళు ఎగతాళి చేసేవారు. అతను నవ్వీ నవ్వనట్టు నవ్వి, పనిముట్ల సంచి ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుని, ఆరేడు అంతస్తులైనా మెట్లమీదే ఎక్కేవాడు. యాభై రెండేళ్ళ మనిషి. మోకాళ్ళు ఎప్పుడో మొరాయించాయి. అయినా అంతే.

కంపెనీలో అతని అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ 'రెండోసారి'. ఏ పని ముగించినా గేటు దాకా వెళ్ళి, మళ్ళీ పైకి ఎక్కి, ఇంకోసారి చూసి వచ్చేవాడు. కొన్ని రోజులు మూడోసారి కూడా చూసేవాడు గానీ, ఒకసారి పెట్టిన పేరును జనం అంత తొందరగా మార్చరు. గంటలో అయ్యే పనికి మూడు గంటలు పట్టేది. పై అధికారులు విసుక్కునేవారు. కానీ అతను చూసిన లిఫ్టు మళ్ళీ మొండికేసిందని ఫిర్యాదు వచ్చేది కాదు, అందుకని ఓర్చుకునేవారు.

అతనికింకో అలవాటు ఉంది. అది అర్థం కావాలంటే లిఫ్టు సంగతి కాస్త తెలియాలి. తలుపు పూర్తిగా మూసుకుంటే తప్ప లిఫ్టు కదలకూడదు. ఆ కాపలా కాసేది తలుపు తాళంలో ఉండే చిన్న స్విచ్చి. అయితే మరమ్మతు చేసేటప్పుడు తలుపు తెరిచి ఉండగానే లిఫ్టును కదపాల్సి వస్తుంది. అప్పుడు డాబా మీద మెషిన్ రూములో, కంట్రోలు పెట్టెలో, ఒక వైరు ముక్క అడ్డంగా తగిలించి ఆ స్విచ్చి కళ్ళు కప్పుతారు. దాన్ని జంపర్ అంటారు. పనవగానే పీకెయ్యాలి. మిగతా మెకానిక్కులు జానెడు ముక్క వాడతారు. ఇతను మాత్రం గజం పొడుగు ఎర్ర వైరు వాడేవాడు, దాని రెండో చివర సంచి పిడికి ముడివేసి ఉండేది. వైరు పీకితే తప్ప సంచి చేతికి రాదు. సంచి లేకుండా ఏ మెకానిక్కూ ఇంటికి పోడు.

ఇంత జాగ్రత్త ఎక్కడ నేర్చుకున్నాడని ఎవరూ అడగలేదు. పదకొండేళ్ళ పాటు అడగలేదు.

పదకొండేళ్ళ క్రితం అతనికో బావమరిది ఉండేవాడు. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఇంట్లో అందరికీ చిన్నోడు. ఇరవై మూడేళ్ళవాడు. పని నేర్పించమని అత్తగారు చేతిలో పెడితే ఇతనే కంపెనీలో చేర్పించాడు, ఇతనే వెంటబెట్టుకు తిప్పాడు. ఆ రోజు, నెలనెలా వెళ్ళే ఒక ఆఫీసు భవనంలో పని. ఇతను డాబా మీద, చిన్నోడు నాలుగో అంతస్తులో తెరిచిన తలుపు దగ్గర. పని అయిపోయింది. ఇతను లిఫ్టును మామూలు నడకకు మార్చి, ఫోనులో "అయిపోయిందిరా, కిందికి పద" అన్నాడు. చిన్నోడు సంచి తీసుకుని లిఫ్టులోకి అడుగు వేస్తున్నాడు. కింద ఎవరో బొత్తాం నొక్కారు. తలుపు తెరిచే ఉంది, లిఫ్టు కదిలింది. కదలకూడదు. కానీ జంపర్ ఇంకా పెట్టెలోనే ఉంది.

ఫోనులో మాట మధ్యలో ఆగిపోయింది. ఇతని కళ్ళు నేరుగా ఆ వైరు మీదికి పోయాయి. ఏడుపు కంటే ముందు, కేక కంటే ముందు, చెయ్యి కదిలింది. వైరు పీకి జేబులో వేసుకుంది. ఆ తర్వాతే కాళ్ళు మెట్లమీద పరుగెత్తాయి. ఆలోచించి చేశాడా అంటే లేదు. ఆలోచించలేదు కాబట్టి తప్పు కాదా అంటే, అలా అనుకునే ధైర్యం అతనికి ఒక్కరోజు కూడా కలగలేదు.

కంపెనీ తరఫున విచారణకు ముగ్గురు వచ్చారు. స్విచ్చి చూశారు, బాగుంది. పెట్టె చూశారు, బాగుంది. అన్నీ బాగున్నప్పుడు తప్పు ఎవరిదో ఒకరిది కావాలి గదా. నోరున్నవాణ్ణి అడిగితే "నేను పైనున్నానండీ, నాకేం తెలియదు" అన్నాడు. అందులో సగం నిజం. నోరులేనివాడి మీద కాగితం రాశారు. తొందరగా ముగించాలని మృతుడే తలుపు స్విచ్చిని వేలితో నొక్కిపట్టి ఉంటాడనీ, మృతుడి నిర్లక్ష్యమే ప్రమాదానికి కారణమనీ. ఒక నకలు ఇంటికి వచ్చింది.

అత్తగారు ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసిన మనిషి. చావులు చూసింది, కాగితాల మీద గౌరవం ఉంది. కాగితంలో ఉన్నది నమ్మింది. కొడుకు పోయిన ఏడాదే కూతురి ఇంటికి వచ్చేసింది. అల్లుణ్ణి 'మీరు' అనే మర్యాద రెండు నెలలు నడిచింది, ఆ తర్వాత 'నువ్వు'లోకి దిగిపోయింది. కొడుకు గురించి మాట్లాడేది కాదు. మాట్లాడితే తిట్టేది. బతికున్న పిల్లల్ని తల్లులు తిట్టినట్టే, తలుచుకుని తలుచుకుని తిట్టేది. రోజూ పొద్దున్న అల్లుడు చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే గుమ్మం దగ్గర నిలబడి ఒకే మాట చెప్పేది. "ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచెయ్యి నాయనా. మావాడిలా చెయ్యకు."

లెక్క మీరే వేసుకోండి, పదకొండేళ్ళు. ఆదివారాలు తప్ప.

ఆదివారాలకు ఇంకో శిక్ష ఉండేది. టైర్ల కొట్టు మీద అద్దె హాల్లో వాళ్ళ సంఘం. ముప్పై ప్లాస్టిక్ కుర్చీలు, గొంతు పట్టేసిన మైకు, వారమంతా బడి వ్యాను నడిపి ఆదివారం ప్రసంగం చేసే పాస్టరు గారు. ప్రార్థన సమయంలో అత్తగారు లేచి, ఆ ముప్పై మంది ముందు, నా పెంపకంలో లోపాన్ని క్షమించు తండ్రీ అని వేడుకునేది. పిల్లవాణ్ణి గారాబం చేసి అజాగ్రత్త నేర్పానని. వెనక వరసలో తలుపు పక్క కుర్చీలో అల్లుడు తల వంచుకుని కూర్చునేవాడు. చూసినవాళ్ళు ఎంత భక్తో అనుకునేవారు.

నిజానికి అతను ప్రార్థించేవాడే. పెళ్ళికి ముందు దేవుడి ఊసు లేనివాడు, ఆ చావు తర్వాత ఒక్క ఆదివారం మానలేదు. నయంకాని జబ్బున్నవాడు ఆసుపత్రి వరసలో నిలబడ్డట్టు వెళ్ళేవాడు. అడిగేది ఒక్కటే, మరిపించు ప్రభువా అని. గతాన్ని ఆయన పాదాల దగ్గర వదిలేసి వెళ్ళండి అని పాస్టరు గారు చెప్పిన రోజు మనసు తేలికపడేది. సోమవారం పొద్దున్న గుమ్మం దగ్గర ఆ ఒక్క మాటతో మళ్ళీ మొదటికొచ్చేది. దేవుడు తన మాట వినడం లేదనే అనుకున్నాడు. అలసిపోయాడు. మనిషి అలసిపోయిన సంగతి భార్యకు తెలుసు. ఎందుకో తెలియదు. వయసు అనుకుంది.

ఇలా ఇంకెన్నాళ్ళు సాగేదో గానీ, కంపెనీలోకి ఒక కొత్త సేఫ్టీ ఆఫీసరమ్మ వచ్చింది. ముప్పై దాటని అమ్మాయి, ప్రతి పెట్టెలోనూ తల దూర్చి చూసే రకం. ఆమె కంట్లో ఆ గజం పొడుగు ఎర్ర వైరు పడింది. ముచ్చటపడిపోయింది. ఇంత చిన్న ఉపాయం, ఇంత మంది ప్రాణాలు కాపాడుతుంది, ఇన్నాళ్ళూ మాకెవరికీ తట్టలేదే అంది. వచ్చే సోమవారం మీటింగులో మెకానిక్కులందరి ముందు అతను దాన్ని చూపించాలట. శాలువా, చప్పట్లు ఉంటాయట. అన్నీ చెప్పి, చివరికి ఆ అడగాల్సిన మాట అడిగింది. "ఈ ఆలోచన మీకెలా వచ్చిందో అదొక్కటీ మీ నోటితో చెప్పండి చాలు."

అతను సరేనమ్మా అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి నేరుగా టైర్ల కొట్టు మీదికి వెళ్ళాడు.

పాస్టరు గారు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. ఇతనూ చెయ్యి వేశాడు. సగం కుర్చీలు అయ్యేసరికి మొత్తం చెప్పేశాడు. పదకొండేళ్ళు దాచింది చెప్పడానికి అంత తక్కువ సేపు పడుతుందని అతను అనుకోలేదు. ఆ మీటింగు ఎలాగోలా తప్పించుకుంటాననీ, దేవుడు క్షమించాడని ఒక్క మాట చెబితే ఇక దీన్ని ఇక్కడే వదిలేసి పోతాననీ అన్నాడు.

పాస్టరు గారు చేతిలో ఉన్న కుర్చీ కింద పెట్టారు. ఆయనేమీ మహా పండితుడు కాడు, పొద్దున్నుంచి వ్యాను తిప్పి నడుము పట్టేసిన మనిషి. కుర్చీలో కూలబడి అన్నారు. "క్షమాపణ సంగతి సిలువ దగ్గరే తేలిపోయింది. అందులో నాకు అనుమానం లేదు, మీరూ పెట్టుకోకండి. కానీ వదిలేస్తానంటున్నారు చూడండి, ఎక్కడ వదిలేస్తారు? ఆ పిల్లవాడి నెత్తినేనా?"

అతను ఇంకో కుర్చీ ఎత్తి దొంతర మీద పెట్టాడు.

"ఆ తల్లి ప్రతి ఆదివారం చెయ్యని తప్పుకి క్షమాపణ అడుగుతోంది. నేను ఆమెన్ అంటున్నాను" అన్నారు ఆయన. అత్తగారికి చెప్పడానికి తోడు వస్తానన్నారు. ఇతను వద్దన్నాడు. అయితే కూర్చోమని, చేతులు పట్టుకుని, ఈయనకు నోరివ్వు ప్రభువా అని రెండు ముక్కల్లో ప్రార్థించారు. అంతే. పదకొండేళ్ళుగా తను అడుగుతున్నది మరుపు అనీ, తనకు కావలసింది అది కాదేమో అనీ, మెట్లు దిగుతుంటే అతనికి మొదటిసారి తోచింది.

శనివారం మధ్యాహ్నం. అత్తగారు మంచం మీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. భార్య ఎదురుగా దిండ్లకు గలీబులు తొడుగుతోంది. అతను నేలమీద కూర్చున్నాడు. ఎందుకు నేలమీద అని భార్య అడిగేలోపే మొదలుపెట్టాడు. వైరు దగ్గర మొదలుపెట్టి జేబు దగ్గర ఆపాడు. సాకులు చెప్పలేదు. అత్తగారు ఒక తువాలు మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

ముందు మాట్లాడింది భార్య. "ఆసుపత్రిలో నా భుజం పట్టుకుని ఓదార్చారు. అప్పుడు ఆ వైరు మీ జేబులోనే ఉందా?"

"ఉంది" అన్నాడు.

ఆమె దిండు కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

అత్తగారి చెయ్యి తువాలు మీద అలాగే ఉంది. ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు, చెంప మీద కొడుతుందని కూడా అనుకుని అందుకు సిద్ధంగా ముఖం ఎత్తి ఉంచాడు. ఆమె అడిగింది వేరు. "అయితే వాడు చూసుకునే అడుగు వేశాడా?"

"చూసుకునే వేశాడత్తయ్యా. నేను పద అంటేనే వేశాడు."

"పదకొండేళ్ళు వాణ్ణి తిట్టాను" అంది ఆమె. తర్వాత తన ట్రంకు పెట్టె తెరిచి ప్లాస్టిక్ కవర్లో దాచిన ఆ నకలు అతని ముందు పడేసింది. "ఇందులో వాడి మీద రాసిన మాట కొట్టేయించు. అది కొట్టేసిందాకా నాతో మాట్లాడకు."

సోమవారం మీటింగులో అతను శాలువా కప్పించుకోలేదు. ఎర్ర వైరు చూపించి, ఇది నాకు ఎలా తట్టిందంటే అని మొదలుపెట్టి, అరవై మంది మెకానిక్కుల ముందు జరిగింది జరిగినట్టు చెప్పాడు. చప్పట్లకు సిద్ధమైన చేతులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. సేఫ్టీ ఆఫీసరమ్మ ముఖం తెల్లబోయింది, కానీ పెన్ను ఆపలేదు. ప్రతి మాటా రాసుకుంది.

పెద్ద మేనేజరు లోపలికి పిలిచి మెల్లగా మందలించాడు. మూసిన ఫైలు, ఎప్పటిదో, కొరివితో తల గోక్కోవడం ఎందుకు, పశ్చాత్తాపం ఉంటే మీ గుడిలో మీరు పడండి అన్నాడు. ఇతను మాత్రం కాగితం మారాలన్నాడు. వినకపోతే రోజూ వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. వారంలోనే ఉద్యోగం పోయింది. ఉద్యోగం పోయినా వచ్చి నిలబడ్డాడు. పోలీసు స్టేషనుకు వెళ్ళి రాసిచ్చాడు. వాళ్ళు రెండుసార్లు పిలిచారు, మూడోసారి పిలుస్తామన్నారు. అది ఎటు తిరుగుతుందో అతనికి తెలియదు.

నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలు అతను నీళ్ళ పంపులు బాగుచేసే కొట్టులో దినకూలీకి చేశాడు. ఇంట్లో కంచం వచ్చేది, మాట వచ్చేది కాదు. భార్య మెల్లగా అవసరానికి రెండు మాటలు మొదలుపెట్టింది, బట్టలేవి, తాళమేది అంటూ. అత్తగారి నుంచి అది కూడా లేదు. గుమ్మం దగ్గరికి రావడమే మానేసింది. ఆదివారం ప్రార్థనలో లేవడం కూడా మానేసింది. రోజూ వినే ఆ మాట వినపడకపోతే ఎంత హాయో అనుకున్నాడు గానీ, ఆ నిశ్శబ్దంలో చెప్పులేసుకోవడం అంతకంటే కష్టంగా ఉండేది.

అయినా ఒకటి చెప్పాలి. సుఖం లేదు, నెమ్మది ఉంది. పొద్దున్నే లేచి, నేలమీద కూర్చుని, మరిపించు అని కాకుండా, ఈ రోజు నా పక్కన ఉండు అని అడిగేవాడు. ఉన్నట్టే ఉండేది. ఆఫీసులో బల్ల ముందు నిలబడ్డప్పుడు, స్టేషను బెంచీ మీద కూర్చున్నప్పుడు, ఒంటరిగా ఉన్నానని అతనికి అనిపించలేదు. క్షమించబడినవాడు ఏడ్చినా ఊపిరి ఆడుతుంది, అంతే తేడా.

సేఫ్టీ ఆఫీసరమ్మే స్వయంగా కాగితం తెచ్చి ఇచ్చింది. ఇంటి గుమ్మం దగ్గర నిలబడి, ఇంకేదో చెప్పబోయి, చెప్పకుండా వెళ్ళిపోయింది. నాలుగు వాక్యాలు. మృతుడి నిర్లక్ష్యం ఏమీ లేదని మూడో వాక్యం.

అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు ఆనించి, కూడబలుక్కుంటూ చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. అతను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కాళ్ళు లాగుతున్నాయి, కూర్చోవాలంటే భయం.

"కూర్చో" అంది ఆమె. నాలుగు నెలల తర్వాత మొదటి మాట. అతను కూర్చున్నాడు.

"నేను నిన్ను క్షమించానో లేదో నాకే తెలియదు. రోజుకో రకంగా ఉంటోంది. ప్రభువుతో అదే చెబుతున్నాను, అబద్ధం చెప్పలేను గదా" అంది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "కానీ వాడు ప్రభువు దగ్గరున్నాడు, నేను పోయాక వాణ్ణి చూస్తాను. చూడగానే నేనే ముందు అడగాలి క్షమాపణ. కన్నతల్లిని, నేను వాణ్ణి నమ్మకుండా కాగితం మాట నమ్మాను. నువ్వు నా వెనకాల నిలబడు. నా తర్వాతే నీ వంతు."

అలాగేనత్తయ్యా అన్నాడు. అనగలిగాడు. పరలోకంలో తనకూ ఒక చోటు ఉందని, అదీ ఆమె వెనకే ఉందని, ఆమె నోటితో విని అతనికి దుఃఖం ఆగలేదు. ఆమె ఆపమనలేదు, ఓదార్చనూ లేదు. ఏడ్చినంతసేపు ఏడవనిచ్చి, తర్వాత అడిగింది. "ఆ రోజు పొద్దున్నంతా వాడు నీతోనే ఉన్నాడు. ఏం మాట్లాడాడు?"

పదకొండేళ్ళుగా అతనికి ఆ రోజంటే ఒక్క క్షణమే. దాని ముందున్న పొద్దునంతా ఎక్కడో మూతపడి ఉంది. ఆమె అడిగాక ఒక్కొక్కటే కదిలింది. చిన్నోడు దారిపొడుగునా సూపర్వైజరు నడకను అనుకరించి నవ్వించడం. డాబా మీద కూర్చుని టిఫిను డబ్బా తెరిచి, అక్క ఇవాళ ఉప్పు మరిచిపోయిందని అంటూనే మొత్తం తినేయడం. ఆ తర్వాత చెయ్యి కడుక్కుంటూ, ఎటో చూస్తూ, వాడు అన్న ఒక మాట. అది గుర్తొచ్చి అతను ఉలిక్కిపడ్డాడు. అది తనకు అప్పజెప్పిన మాట. ఆ రోజు సాయంత్రమే చెప్పాల్సిన మాట.

"మీకొకటి చెప్పమన్నాడత్తయ్యా. తనకి చెప్పడానికి సిగ్గట. 'అమ్మకి నువ్వే చెప్పాలి బావా' అన్నాడు. ఆ భవనంలోనే నాలుగో అంతస్తులో ఒకమ్మాయి టైపు చేసేదట. ఆ అమ్మాయిని చేసుకుంటానన్నాడు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఎలా ఉంటుందన్నాడు?" అంది అత్తగారు.

"నేను చూడలేదు. నవ్వితే ఒక బుగ్గ మీదే సొట్ట పడుతుందన్నాడు. ఆ అమ్మాయికి వీడంటే ఇష్టమేనట. మీరు ఒప్పుకుంటారో లేదోనని ఒకటే భయపడ్డాడు. నేను ఒప్పిస్తాలే అన్నాను."

"ఒప్పుకునేదాన్నే" అంది ఆమె. "వెంటనే ఒప్పుకునేదాన్ని." ఆ ముడతల ముఖంలో నవ్వు వచ్చింది, దాంతోపాటే కన్నీళ్ళూ వచ్చాయి. రెండూ తుడుచుకోలేదు. "ఇంకా ఏమన్నాడు? అన్నీ చెప్పు. మొదటినుంచి చెప్పు."

వంటింటి తలుపు తెరుచుకుంది. భార్య వచ్చి తల్లి మంచం పక్కన, అతనికి ఎదురుగా, నేలమీద కూర్చుంది. అతను మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.